మధ్యాహ్నం మాత్రమే జరిగే వై యాక్సిస్: ఆటోనగర్‌లో ఒక మిల్లింగ్ మిషన్ కేసు

మే నెల, మధ్యాహ్నం రెండు దాటింది. ఫోన్ ఎత్తగానే మేస్త్రి గొంతు. "అబ్బాయ్, మళ్లీ వై జరిగింది. ఈసారి పాయింట్ మూడు." అంటే లోహం చెక్కే మిల్లింగ్ మిషన్‌లో వై యాక్సిస్, టేబుల్ ముందుకీ వెనక్కీ కదిలే దారి, ఉండాల్సిన చోటు నుంచి 0.3 మి.మీ. పక్కకి పోయింది. ఆ మాటతో తిన్నది అరగలేదు నాకు. పొద్దున పదకొండింటి దాకా అదే మిషన్ మీద, అదే ప్రోగ్రాంతో ఇరవై ఏడు ముక్కలు వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చాయని అంతకు ముందే ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. ముందు రోజూ ఇదే వరస. పొద్దున బంగారం, మధ్యాహ్నం తుక్కు.

ఈ కేసు మొదటి నుంచీ రాస్తున్నాను. డెస్క్‌టాప్ కంప్యూటర్‌తో మిషన్ నడుపుదామనుకునే వాళ్లలో చాలామంది నన్ను ముందుగా అడిగేది "ఐ5 సరిపోతుందా, ఐ7 కొనాలా" అని. ఆ ప్రశ్నే తప్పు, ఎందుకు తప్పో ఈ మిషన్ నాకు మూడు వారాలు చెంపలు వాయించి మరీ నేర్పింది.

మిషన్ ఉన్నది విజయవాడ ఆటోనగర్‌లో, లారీ బాడీలు కట్టే వీధి వెనక సందులో. షెడ్డుకి ఒక పక్క వెల్డింగ్ షాపు, ఇంకో పక్క రేడియేటర్లు బాగుచేసే ఆయన. 1990ల నాటి నిలువు సీఎన్‌సీ మిల్లు, అంటే కంప్యూటర్ ఆదేశాలతో నడిచే మిల్లింగ్ మిషన్. ఇనుము ఏనుగులాంటిది, స్లైడ్లు బాగున్నాయి, మోటారు తిప్పితే టేబుల్‌ని జరిపే బాల్ స్క్రూలు పర్వాలేదు. పోయింది కంట్రోలర్. యాక్సిస్ కార్డు కాలిపోయింది, ఆ కార్డు ఇప్పుడు ఎక్కడా దొరకదు. కొత్త కంట్రోలర్, సర్వో మోటార్లు కలిపి ఐదున్నర లక్షలకి కొటేషన్ వస్తే యజమాని ఆ కాగితం నా చేతిలో పెట్టి, "తమ్ముడూ, ఈ డబ్బుకి సెకండ్ హ్యాండ్‌లో ఇంకో మిషనే వస్తుంది కదా" అన్నాడు. కాదనలేకపోయాను.

చెయ్యాల్సిన పని పెద్ద విద్యేం కాదు. టిప్పర్ లారీల్లో గేర్‌బాక్స్ పక్కన ఉండి ఇంజిన్ శక్తిని బయటికి తీసే పీటీఓకి, హైడ్రాలిక్ పంపుకి మధ్యలో వేసే ప్లేట్లు. 16 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటు, మధ్యలో బోరు, చుట్టూ బోల్టు హోల్స్, ప్లేటుని సరిగ్గా ఒకేచోట కూచోబెట్టే డవల్ పిన్నులకి రెండు హోల్స్. బోల్టు హోల్స్ కాస్త అటూ ఇటూ అయినా బోల్టు దూరిపోతుంది గానీ డవల్ పిన్ను దగ్గర పప్పులుడకవు. అక్కడ 0.3 తేడా వస్తే ఆ ప్లేటు పాత ఇనుము కొట్టుకే.

లినక్స్‌సీఎన్‌సీ పెడదాం అన్నాను. తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. మామూలు కంప్యూటర్‌నే మిషన్ కంట్రోలర్‌గా మార్చే సాఫ్ట్‌వేర్ ఇది. ఇది నిన్నా మొన్నా పుట్టింది కాదు. 1990ల మొదట్లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్, మామూలు కంప్యూటర్‌తో మిషన్ నడపొచ్చా లేదా చూద్దామని ఈఎంసీ పేరుతో మొదలుపెట్టింది, జనరల్ మోటార్స్ వాళ్ల పవర్‌ట్రెయిన్ ప్లాంటులో నిజం మిషన్ మీద పెట్టి నడిపి చూసింది కూడా. ప్రభుత్వ సొమ్ముతో రాసిన కోడ్ కాబట్టి అందరికీ వదిలేశారు, తరవాత ఔత్సాహికులు అందుకుని పెంచారు. లినక్స్‌సీఎన్‌సీ అన్న పేరు 2011 ప్రాంతంలో వచ్చింది. లైసెన్సు రుసుం లేదు. మన దగ్గర చెక్క తలుపులు చెక్కే రౌటర్ల మీద ఎక్కువగా కనపడేది మ్యాక్3 అనే విండోస్ సాఫ్ట్‌వేర్. దాన్ని తక్కువ చేసి మాట్లాడను, చాలా ఇళ్లల్లో అన్నం పెట్టింది. కానీ దాని ప్యారలల్ పోర్టు (పాత ప్రింటర్లు తగిలించే పోర్టు) డ్రైవరు 64 బిట్ విండోస్‌లో పనిచెయ్యదు, అందుకే ఇప్పటికీ ఎక్స్‌పీ కంప్యూటర్ల కోసం వెతుక్కుంటూ తిరిగేవాళ్లు కనపడతారు.

యజమాని ఆఫీసు గదిలో బిల్లులు కొట్టి కొట్టి పక్కన పడేసిన చిన్న ఐ5 డబ్బా ఒకటుంది. అది తీసుకున్నాను. దానిలో ప్యారలల్ పోర్టు లేదు, స్లాటులో కార్డు కొనిపెట్టాను. మూడు యాక్సిస్‌లకీ మామూలు ఓపెన్ లూప్ స్టెప్పర్లు, నీమా 34 సైజువి. స్టెప్పర్ అంటే కరెంటు పల్సు పడినప్పుడల్లా కొంచెం కొంచెం తిరిగే మోటారు, ఓపెన్ లూప్ అంటే అది తప్పినా కంప్యూటర్‌కి తిరిగి చెప్పదు. ఇక్కడే నా మొదటి పిసినారితనం. పల్సులు పుట్టించే పనికే విడిగా చిప్పు ఉన్న ఎఫ్‌పీజీఏ కార్డు ఒకటి తీసుకుంటే ఇరవై వేల పైచిలుకు అవుతుందని, ఆ పని కంప్యూటరే చేస్తుందిలే అని వదిలేశాను.

కంప్యూటరే చెయ్యడం అంటే ఏమిటో లెక్కతో చెప్తాను, ఈ కేసంతా ఆ లెక్క మీదే ఉంది. బాల్ స్క్రూ ఒక చుట్టుకి 5 మి.మీ. జరుగుతుంది. పల్సులు అందుకుని మోటారుకి కరెంటు ఇచ్చే డ్రైవుని చుట్టుకి 2000 పల్సుల దగ్గర పెట్టాను. అంటే మి.మీ.కి 400 పల్సులు, ఒక్కో పల్సుకి రెండున్నర మైక్రాన్లు. ర్యాపిడ్, అంటే ఏమీ కట్ చెయ్యకుండా చోటు మారేటప్పటి వేగం, నిమిషానికి 3000 మి.మీ. అనుకుంటే సెకనుకి 50 మి.మీ., అంటే సెకనుకి 20,000 పల్సులు. ప్రతి 50 మైక్రోసెకన్లకి ఒక పల్సు పోర్టులోంచి బయటికి రావాలి. ఐ5కి ఇదొక లెక్క కాదు, 50 మైక్రోసెకన్లలో అది లక్ష పైగా చిన్న చిన్న పనులు చేసిపారేస్తుంది. వేగం ఎప్పుడూ సమస్య కాదు. సరిగ్గా ఆ 50వ మైక్రోసెకనుకి వస్తుందా, లేక మౌస్ కదిలింది, డిస్కు మీద ఏదో రాయాలి, స్క్రీన్ మార్చాలి అని పక్కకి వెళ్లి 400వ మైక్రోసెకనుకి వస్తుందా అన్నదే ప్రశ్న. కోలాటం ఆడినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఎంత జోరుగా ఆడతావన్నది కాదు, ఎదుటి వాడి కర్ర వచ్చే వేళకి నీ కర్ర అక్కడ ఉండాలి, లేకపోతే వేళ్లు చితుకుతాయి. వెయ్యి దెబ్బలు తాళంలో కొట్టి ఒక్కటి తప్పినా చితికేది చితుకుతుంది, సగటు చూసి ఎవరూ జాలిపడరు.

అందుకే దీనికి మామూలు లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) చాలదు, టైము తప్పకుండా లేచే రియల్‌టైమ్ కెర్నెల్ కావాలి. పాత పద్ధతి ఆర్‌టీఏఐ, ఇప్పుడు ఎక్కువగా వాడేది ప్రీఎంప్ట్ ఆర్‌టీ. ఇరవై ఏళ్ల పాటు విడిగా ప్యాచ్‌గా ఉండి ఉండి ఇది 2024లో 6.12 వెర్షన్‌తో అసలు లినక్స్‌లోనే కలిసింది. నేను పెట్టింది డెబియన్ 12, దాని మీద లినక్స్‌సీఎన్‌సీ 2.9.

ఎక్కించాక చెయ్యాల్సిన మొదటి పని లేటెన్సీ టెస్టు. పక్కన గ్రాఫిక్స్ బొమ్మలు తిప్పుతూ, పెద్ద ఫైళ్లు కాపీ కొడుతూ, కంప్యూటర్‌ని ఎన్ని రకాలుగా సతాయించగలమో అన్ని రకాలుగా సతాయించి, అనుకున్న టైముకి ఎంత ఆలస్యంగా లేచిందో అందులో అతి పెద్ద అంకె చూడాలి. పటమటలో మా ఇంట్లో రాత్రంతా నడిపాను. బయోస్‌లో (కంప్యూటర్ బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) టైముని చెడగొట్టే హైపర్‌థ్రెడింగ్, స్పీడ్‌స్టెప్, సీ స్టేట్‌లు ఆపాను, ఒక కోర్‌ని రియల్‌టైమ్ పనికే కేటాయించాను. పొద్దున లేచి చూస్తే గరిష్ఠం 24 మైక్రోసెకన్లు. దాని డాక్యుమెంటేషన్ ప్రకారం 15 నుంచి 20 లోపు అయితే చాలా బాగు, 30 నుంచి 50 అయితే నడుస్తుంది గానీ వేగం తగ్గుతుంది, 100 దాటితే సాఫ్ట్‌వేర్‌తో పల్సులు వెయ్యడం మానుకోవాలి. 24 అంటే పాసే. సంబరపడిపోయాను. ఒక్క విషయం పట్టించుకోలేదు, ఆ రాత్రి ఆ గదిలో ఏసీ ఉంది.

మార్చిలో బిగించాం. ఈ భాగం త్వరగా దాటేస్తాను, పాత మిషన్‌కి కొత్త కంట్రోల్ వేసే ప్రతి రెట్రోఫిట్‌లోనూ ఉండే కథే. కట్టరుని తిప్పే స్పిండిల్ మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ ఆన్ చెయ్యగానే, టేబుల్ చివరికి వచ్చిందని చెప్పే లిమిట్ స్విచ్‌లు తగలకుండానే తగిలాయని చెప్పడం మొదలుపెట్టాయి. స్విచ్ వైర్లు మోటారు కేబుల్‌తో ఒకే గొట్టంలో వేశారు, విడదీసి, షీల్డ్ ఒక్క చివరే ఎర్త్ చేసి, స్విచ్‌లకి 24 వోల్టులు ఇస్తే సర్దుకుంది. వై యాక్సిస్‌లో డయల్ పెట్టి చూస్తే 0.06 మి.మీ. ప్లే, అంటే దిశ మారినప్పుడు కనపడే వదులు. యజమాని "సాఫ్ట్‌వేర్‌లో బ్యాక్‌లాష్ అని ఏదో ఉంటుందటగా, అందులో కొట్టెయ్" అన్నాడు. ఉంటుంది. కానీ కట్టరు టేబుల్‌ని తన వైపు లాక్కునేటప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ దిద్దుబాటు ఎందుకూ పనికిరాదు, ఆ ఖాళీలో టేబుల్ ఊగుతుంది. మేస్త్రి కవరు విప్పి చూస్తే థ్రస్ట్ బేరింగ్ లాక్‌నట్టు వదులు. బిగిస్తే 0.015కి దిగింది. ఆ మిగిలిన కాస్తకే సాఫ్ట్‌వేర్ వాడాను.

ఎమర్జెన్సీ స్టాప్ దగ్గర మాత్రం గొడవపడ్డాను. స్క్రీన్ మీద ఎర్ర బటన్ ఉందిగా, మౌస్‌తో నొక్కితే ఆగుతుందిగా, మళ్లీ పుట్టగొడుగు స్విచ్చి, కాంటాక్టరు ఎందుకని ఆయన వాదన. కంప్యూటర్ బిగుసుకుపోయిన క్షణంలోనే ఆ బటన్ అవసరం పడుతుంది, ఆ క్షణంలో మౌస్ కదలదు. డ్రైవులకీ స్పిండిల్‌కీ కరెంటు కోసేది కాంటాక్టరే అయ్యుండాలి, ఆ సంగతి కంప్యూటర్‌కి ఒక ఇన్‌పుట్‌గా తెలిస్తే చాలు. ఇది వద్దంటే పని చెయ్యనని చెప్పాను. పెట్టించాడు.

ఏప్రిల్ అంతా బాగా నడిచింది. మేస్త్రికి యాభై ఎనిమిదేళ్లు, నలభై ఏళ్లు లేతు మీద చేతులు కాల్చుకున్న మనిషి, మిషన్‌కి ఆదేశాలు రాసే జీ కోడ్ రెండు వారాల్లో పట్టేశాడు. నేనే "బాబాయ్, ఆ జీ54 సంగతి ఒకసారి చూడు" అంటే, "చూశా, నువ్వు కాఫీ తాగు" అనే దశకి వచ్చాడు. ఆయనకి ఒక్కటే అసంతృప్తి. ర్యాపిడ్‌లో మోటారు గొంతు బాలేదు అనేవాడు. గరగర అంటోంది, గొంతులో కిచ్‌కిచ్ పడ్డట్టు ఉంది అనేవాడు. స్టెప్పర్లు అంతే బాబాయ్ అని కొట్టిపారేశాను. అది నా రెండో తప్పు.

మే రెండో వారంలో మొదలైంది. మొదటి రోజు ఒక ప్లేటు, రెండో రోజు మూడు. వై ఒక్కటే జరుగుతోంది, అదీ భోజనాల తరవాతే. ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కరెంటు. పక్కన వెల్డింగ్ షాపుంది, ఆర్క్ కొట్టినప్పుడల్లా లైట్లు మినుకుమంటాయి. డ్రైవులకి వెళ్లే డీసీ సప్లైకి మీటరు పెట్టి కూచున్నాను. 68 వోల్టులు ఉండేది ఆర్క్ పడినప్పుడు 63కి దిగుతోంది. దొరికింది దొంగ అనుకుని పెద్ద కెపాసిటర్లు వేశాను. మర్నాడు మళ్లీ 0.4. డ్రైవు వేడెక్కుతోందేమో అని ప్యానెల్‌కి ఫ్యాన్ పెట్టాను. మళ్లీ 0.2. నాయిస్ ఏమో అని పల్సు కేబుల్ మార్చాను. మళ్లీ 0.1. మేస్త్రి ఏమీ అనలేదు గానీ తుక్కు ప్లేట్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి నేను కూచునే స్టూలు పక్కనే పెట్టాడు.

ఆ పేర్చిన ప్లేట్లే దారి చూపించాయి. ఒక సాయంత్రం వాటన్నిటినీ కొలిచి కాగితం మీద రాశాను. 0.31, 0.19, 0.40, 0.10, 0.30. కొలతలో అటూ ఇటూ తీసేస్తే అన్నీ 0.1కి గుణిజాలే. 0.25 లేదు, 0.07 లేదు. ఇది చూశాక బుర్ర వెలిగింది, కొంచెం సిగ్గు కూడా వేసింది, ఎందుకంటే ఇది మొదటి రోజే చెయ్యాల్సిన పని.

ఎందుకంటే నాయిస్ వల్ల దొంగ పల్సులు పడితే ఒక్కోటీ రెండున్నర మైక్రాన్లు, కాబట్టి తేడా ఎంతైనా రావచ్చు, ఇలా 0.1 లెక్కన రాదు. ప్లే వల్ల అయితే 0.015కి మించదు. కానీ స్టెప్పర్ పట్టు తప్పినప్పుడు ఎక్కడపడితే అక్కడ ఆగదు. దాని రోటర్‌కి 50 పళ్లు. పట్టు తప్పితే ఒక పన్ను జారి పక్క పన్ను దగ్గర మళ్లీ పట్టుకుంటుంది. ఒక పన్ను అంటే 7.2 డిగ్రీలు, అంటే నాలుగు ఫుల్ స్టెప్పులు. 5 మి.మీ. స్క్రూ మీద అది సరిగ్గా 0.1 మి.మీ. అంటే పల్సులన్నీ డ్రైవుకి చేరుతున్నాయి, మోటారే వాటిని అందుకోలేక పళ్లు జారుతోంది. వై మీదే ఎందుకంటే టేబుల్‌ని మోసే శాడిల్ బరువంతా దాని మీదే ఉంది, పైగా ఈ ప్రోగ్రాంలో పొడవాటి ర్యాపిడ్‌లన్నీ వైలోనే.

మోటారు ఎందుకు జారుతోంది? యాక్సిలరేషన్ సగానికి తగ్గించాను. జారడం తగ్గింది, పోలేదు. అప్పుడు మేస్త్రి ఒక మాట అన్నాడు, నిజానికి ఫిర్యాదుగా అన్నాడు. "నీ కంప్యూటరు కూడా మధ్యాహ్నం అయ్యేసరికి రొప్పుతోంది అబ్బాయ్, దాని ఫ్యాను చూడు." చూశాను. రేకుల షెడ్డు, బయట 43 డిగ్రీలు, లోపల ఇంకా ఎక్కువే. ఐ5 డబ్బా ఫ్యాన్ ఒక నిమిషం గట్టిగా తిరగడం, తగ్గడం, మళ్లీ లేవడం.

మిషన్ ఆపించి ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా అక్కడే, ఆ వేడిలోనే లేటెన్సీ టెస్టు పెట్టాను. తడి తువ్వాలు మెడ మీద వేసుకుని అంకెల్ని చూస్తూ కూచున్నాను. ఇరవై నిమిషాలు 22, 23. ఫ్యాన్ గేరు మారింది, అంకె ఒక్కసారిగా 381. మళ్లీ నిశ్శబ్దం. మళ్లీ ఫ్యాన్ మారింది, 376.

ఇది లినక్స్ చేస్తున్న ఆలస్యం కాదు. ఎస్ఎంఐ అని ఒకటుంది, సిస్టమ్ మేనేజ్‌మెంట్ ఇంటరప్ట్. ఫ్యాను, వేడి, పవర్ లాంటివి చూసుకోవడానికి బయోస్ ప్రాసెసర్‌ని లాక్కుని తన పని తాను చేసుకుని తిరిగి ఇచ్చేస్తుంది. ఆ కాసేపూ ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాణంతో ఉండదు, తనని ఆపారన్న సంగతి కూడా దానికి తెలియదు, కాబట్టి ఎంత రియల్‌టైమ్ కెర్నెల్ అయినా దీన్ని ఆపలేదు. అనుమానం తీర్చుకోవడానికి టర్బోస్టాట్ అనే ప్రోగ్రాం నడిపాను, ఇంటెల్ ప్రాసెసర్లలో ఎస్ఎంఐలు ఎన్ని వచ్చాయో లెక్క చూపించే వరస అందులో ఉంటుంది. ఫ్యాన్ మారినప్పుడల్లా ఆ అంకె పెరుగుతోంది. మా ఇంట్లో ఏసీ గదిలో రాత్రంతా ఫ్యాన్ ఒక్కసారి కూడా గేరు మారి ఉండదు, అందుకే నాకు 24 కనిపించింది.

380 మైక్రోసెకన్లు అంటే ర్యాపిడ్‌లో ఏడెనిమిది పల్సులు రావాల్సిన చోట ఏమీ రాకపోవడం, సుమారు ముప్పావు ఫుల్ స్టెప్పు. బరువైన టేబుల్ ముందుకి దూకుతోంది, కాయిల్ మాత్రం ఆగిపోయింది, తరవాత వెనకపడ్డ లెక్క అందుకోవడానికి సాఫ్ట్‌వేర్ పల్సుల్ని తరుముతుంది. అక్కడ పన్ను జారుతోంది.

దానికి తోడు మేస్త్రి చెప్పిన ఆ గరగర. జిట్టర్, అంటే ఇంట్లో చూసిన ఆ గరిష్ఠ ఆలస్యం, 24 ఉందని బేస్ పీరియడ్ 40 మైక్రోసెకన్లు పెట్టాను. కంప్యూటర్ ప్రతి 40కి ఒకసారే లేస్తుంది, అప్పుడే పల్సు వెయ్యగలదు. నాకు కావాల్సింది 50కి ఒకటి. 50 అన్నది 40 గడుల్లో ఎక్కడా పడదు కదా! అందుకని అది 40, 40, 40, 80 అని వేస్తుంది. సగటు 50 వస్తుంది, లెక్క కుదురుతుంది, మోటారుకి మాత్రం మూడు అడుగులు పరుగు, ఒక అడుగు ఆలస్యం. ఆ కుంటినడకే ఆయన చెవికి గరగరలా వినపడింది. అప్పటికే అంచున నడుస్తున్న మోటారుని ఎస్ఎంఐ వచ్చి తోసేసింది.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. లినక్స్‌సీఎన్‌సీ ఈ ఆలస్యాన్ని మొదటి రోజే చెప్పింది. అనుకోని రియల్‌టైమ్ ఆలస్యం అని స్క్రీన్ మూలన ఇంగ్లీషులో ఒక మెసేజి పడుతుంది. ఆ మెసేజి ఒక్కసారే పడుతుంది, మళ్లీ ప్రోగ్రాం ఆపి తెరిచేదాకా ఇంకోసారి కనపడదు. మేస్త్రిని అడిగితే "ఆ, ఏదో వచ్చింది, మూసేశా. కంప్యూటర్లన్నాక ఏదో ఒకటి వస్తూనే ఉంటాయి కదా" అన్నాడు. విండోస్ మనందరికీ అలవాటు చేసింది అదే మరి. ఇప్పుడు ప్యానెల్ తలుపు మీద ఆయన చేత్తోనే మార్కర్‌తో రాసిన అట్ట ఉంది: మెసేజి వస్తే ముందు ఫోటో, తరవాతే మూత.

బయోస్‌లో ఫ్యాన్‌ని ఎప్పుడూ ఫుల్‌లో తిరిగేలా పెట్టాను. 380లు మాయమయ్యాయి, పళ్లు జారడం ఆగింది. ఇంతటితో కేసు మూసెయ్యొచ్చు, యజమాని కూడా అదే అన్నాడు. కానీ మూడు గంటల టెస్టులో రెండుసార్లు 110 కనిపించింది, అది ఎవరి పనో ఎంత వెతికినా తేలలేదు. తేలనిదాన్ని వదిలేసి ఇంటికెళ్తే నాకు నిద్ర పట్టదు. మొదట్లో మిగిల్చిన ఆ ఇరవై వేల కార్డు ఇప్పుడు సగం నా జేబులోంచే వేసుకుని తెప్పించాను.

మెసా 7ఐ96ఎస్ అని ఈథర్నెట్ కార్డు. దీనిలో పల్సులు వేసేది ఎఫ్‌పీజీఏ చిప్పు. కంప్యూటర్ ఇక ఒక్కో పల్సూ వెయ్యక్కర్లేదు, మిల్లీసెకనుకి ఒకసారి ఈ యాక్సిస్ ఈ వేగంతో పోవాలి అని చెప్పి, ఎక్కడిదాకా వచ్చావు అని అడిగితే చాలు. 50 మైక్రోసెకన్ల దగ్గర 110 ఆలస్యం అంటే ప్రళయం, 1000 దగ్గర 110 ఆలస్యం అంటే కార్డు ఆ కాసేపూ చివరగా చెప్పిన వేగంతోనే పోతూ ఉంటుంది, మోటారుకి తెలియను కూడా తెలియదు. కంప్యూటర్ మార్చలేదు. అదే ఐ5 డబ్బా, అదే దుమ్ము.

హాల్ ఫైలు తిరగరాయడానికి ఒక పూట పట్టింది. హాల్ అంటే లినక్స్‌సీఎన్‌సీలో ఏ పిన్నుని ఏ పిన్నుకి కలపాలో రాసుకునే భాగం. ప్యానెల్‌లో వైరింగ్ చేసినట్టే ఉంటుంది, కాకపోతే స్క్రూడ్రైవర్ బదులు కీబోర్డు, అందుకే ఎలక్ట్రీషియన్లకి త్వరగా వస్తుంది, ప్రోగ్రామర్లకి ఆలస్యంగా వస్తుంది. ప్యారలల్ పోర్టు పేర్లు తీసేసి కార్డు పేర్లు పెట్టడమే ఎక్కువ పని. ఒకచోట మాత్రం జాగ్రత్త పడాలి. బ్యాక్‌లాష్ దిద్దుబాటు వాడుతున్నప్పుడు పల్సులు వేసే భాగమైన స్టెప్‌జెన్‌కి ఇచ్చే గరిష్ఠ యాక్సిలరేషన్, యాక్సిస్ యాక్సిలరేషన్‌కి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి. దిశ మారినప్పుడు ఆ అదనపు కదలిక మామూలు కదలికకి తోడవుతుంది. ఇది మర్చిపోతే ఫాలోయింగ్ ఎర్రర్ (చెప్పిన చోటుకీ ఉన్న చోటుకీ తేడా) అని మొరాయిస్తుంది, మోటారు తప్పేమీ ఉండదు.

మొదటి ర్యాపిడ్ కొట్టినప్పుడు మేస్త్రి వెనక్కి తిరిగి చిప్స్ ఊడుస్తున్నాడు. చీపురు ఆపాడు. "ఆ, ఇప్పుడు గొంతు సర్దుకుంది" అన్నాడు. స్క్రీన్ వైపు చూడను కూడా లేదు. 40, 40, 40, 80 పోయి 50, 50, 50, 50 వచ్చిందని నేను ఆసిల్లోస్కోప్ పెట్టి చూసుకున్నాను. ర్యాపిడ్ 4000కి పెంచాం, జూన్ నుంచి ఇప్పటిదాకా ఒక్క పన్ను కూడా జారలేదు.

ఈథర్నెట్ కార్డుతో వచ్చే తలనొప్పులు వేరు. మొదటి వారంలో రెండుసార్లు కార్డు నుంచి జవాబు రాలేదని ఎర్రర్ ఇచ్చి ఆగింది. కంప్యూటర్‌లో ఉన్నది ఇంటెల్ నెట్‌వర్క్ చిప్పు. వచ్చిన ప్యాకెట్ల సంగతి ఒక్కోటీ చెప్పకుండా కొన్ని పోగుచేసి ఒకేసారి చెప్పడం దాని అలవాటు, వెబ్‌సైట్లు చూడటానికి అది మంచిదే, మనకి మాత్రం విషం. ఈథ్‌టూల్ అనే కమాండుతో ఆ పోగుచేసే టైముని సున్నా చేశాక పోయింది.

రెండోది దసరాకి. ఆయుధ పూజ రోజు మిషన్లన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కోసి, షెడ్డంతా కడిగి పూలదండలు వేశారు. అదే రోజు యజమాని సీసీ కెమెరాలు పెట్టిస్తున్నాడు. పూజ అయ్యాక ఆనవాయితీగా ఒక ముక్క కట్ చేద్దామని మేస్త్రి స్టార్ట్ కొట్టాడు, టేబుల్ సగం దూరం వెళ్లి టక్కున ఆగిపోయింది. డ్రైవులు ఆఫ్, స్పిండిల్ ఆఫ్. అందరి మొహాలూ మాడిపోయాయి, పండగ పూట ఇదేం అపశకునం అని. నేను అప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నాను. ఈసారి మేస్త్రి ఫోటో తీసి పంపాడు, వాచ్‌డాగ్ బైట్ అని ఉంది. అంటే కంప్యూటర్ నుంచి కార్డుకి మాట ఆగిపోయింది. కొన్ని మిల్లీసెకన్లు మాట వినపడకపోతే కార్డు తనంతట తానే అవుట్‌పుట్‌లన్నీ ఆపేస్తుంది, అది లోపం కాదు, అది చెయ్యాల్సిన పనే. "బాబాయ్, కంప్యూటర్ వెనకాల నీలం వైరు ఉందా" అని అడిగాను. కాసేపు చప్పుడు లేదు. "ఉండాల్సిన చోట లేదు" అన్నాడు. కెమెరాల కుర్రాడు ఖాళీ వైరు అనుకుని పీకి తన స్విచ్చిలో పెట్టుకున్నాడు. ఆ వైరు కంప్యూటర్‌కి, కార్డుకి మధ్య నేరుగా ఉండాలి. మధ్యలో స్విచ్చిలు, రౌటర్లు, ఇంటర్నెట్ ఏవీ ఉండకూడదు. ఇప్పుడా ప్లగ్గుకి ఎర్ర టేపు చుట్టి, దాని మీద కేబుల్ టై వేశాం.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. మోటార్లు, డ్రైవులు, సప్లై, ప్యానెల్, కాంటాక్టర్లు, స్విచ్‌లు, ప్యారలల్ కార్డు, తరవాత మెసా కార్డు, నా కూలీ, అన్నీ కలిపి లక్షా నలభై వేల చిల్లర. తుక్కు అయిన ప్లేట్లు ఇందులో లెక్క వెయ్యలేదు, వాటి సంగతి ఎత్తితే యజమాని ఇప్పటికీ నవ్వుతాడు, ఆ నవ్వు నాకు నచ్చదు. ఇంకో మిషన్‌కి ఇదే పని ఒప్పుకున్నాను, గుంటూరులో. అక్కడ మొదటి రోజే కార్డు కొనిపించాను, లేటెన్సీ టెస్టు ఎక్కడ మిషన్ ఉంటుందో అక్కడే, మిట్టమధ్యాహ్నం, పక్క షాపు వెల్డింగ్ నడుస్తుండగా పెట్టాను.

ఇక్కడ మిగిలింది ట్యాపింగ్, అంటే హోల్స్ లోపల మరలు తియ్యడం. ఇప్పటికి హోల్స్ మిషన్ వేస్తోంది, మరలు మాత్రం మేస్త్రి చేత్తో తీస్తున్నాడు. జీ33.1 అనే ఆదేశంతో మిషనే తీయాలంటే స్పిండిల్ ఎంత తిరిగిందో, ఎక్కడ మొదలైందో తెలియాలి, దానికి తిరుగుడు కొలిచి, చుట్టుకొకసారి ఇండెక్స్ పల్సు ఇచ్చే ఎన్‌కోడర్ స్పిండిల్‌కి బిగించాలి. ఎన్‌కోడర్ వచ్చి నెలైంది. అది కూచునే బ్రాకెట్‌కి డ్రాయింగు గీసిచ్చాను, ఈ మిషన్ మీదే చెయ్యాలి. 12 మి.మీ. అల్యూమినియం ముక్క తెప్పిస్తానన్నాడు యజమాని, ఇంకా రాలేదు.